ద్రాక్షతోట పక్కన ఇల్లు: సోలాపూర్ జిల్లాలో కొనే ముందు ఏం చూడాలి

సోలాపూర్ పూర్వ భాగంలో మగ్గాల సందుల మధ్య తరాలు గడిపిన తెలుగు కుటుంబాలు ఇప్పుడు ఊరి బయట జాగా వెతుకుతున్నాయి. హైదరాబాద్ రోడ్డు మీద విడి ఘర్‌కుల్ దాటాక, అక్కల్‌కోట్ రోడ్డులో కుంభారీ వైపు, బార్షీ రోడ్డులో నాన్నజ్ దాకా ప్లాట్ల బేరాలు నడుస్తున్నాయి. జహీరాబాద్, సిరిసిల్ల వైపు నుంచి చుట్టరికం మీద వచ్చి చూసుకునేవాళ్లూ ఉన్నారు. ద్రాక్షతోట పక్కన, పచ్చటి పందిళ్లు కనిపించే చోట ఇల్లు అనగానే మనసు లాగుతుంది. ఆలోచన మంచిదే. అయితే ఆ ఇంట్లో సుఖంగా ఉంటామా లేదా అన్నది గోడల కంటే, టైల్స్ కంటే రెండు విషయాల మీద ఎక్కువగా ఆధారపడుతుంది. ఆ నేల కాగితాల్లో ఇంటి నేలగా ఉందా, తోట నేలగా ఉందా అన్నది ఒకటి. పక్కనున్న తోట ఏ నెలలో ఏం అడుగుతుందన్నది రెండోది. ఈ రెండూ తెలియకుండా బయానా ఇచ్చినవాళ్లే తర్వాత తహసీల్ ఆఫీసు చుట్టూ, ట్యాంకర్ల చుట్టూ తిరుగుతున్నారు.

ఇది ఎలాంటి ద్రాక్ష సీమ

వైన్ అనగానే అందరూ నాసిక్ పేరే చెబుతారు. దిండోరీ, గంగాపూర్ డ్యామ్ చుట్టుపక్కల సులా లాంటి కంపెనీలు వేసిన దారి అది. సోలాపూర్ జిల్లాలోనూ వైన్ తోటలున్నాయి. మాల్‌శిరస్ తాలూకాలో అక్లూజ్ చుట్టూ ఫ్రాటెల్లి కంపెనీ సాంజొవేసే, కాబర్నే సావిన్యో, షార్డనే లాంటి రకాలు పెంచుతోంది. జిల్లాలో మిగతా చోట్ల కనిపించేది ఎక్కువగా తినే ద్రాక్ష, కిస్మిస్ ద్రాక్ష. థాంసన్ సీడ్‌లెస్, మాణిక్ చమన్, సోనాకా రకాలవి. సోనాకా పుట్టింది నాన్నజ్‌లోనే. నానాసాహెబ్ కాళే అనే రైతు థాంసన్ తోటలోంచి ఎంచి తీసిన రకం అది. పంఢర్‌పూర్ దగ్గర కాసేగావ్ వైపు కిస్మిస్ షెడ్లు ఎక్కువ.

కొనేవాళ్లకు ఈ తేడా ఎందుకంటే, తినే ద్రాక్ష పక్కన, కిస్మిస్ షెడ్ పక్కన, వైనరీ పక్కన బతకడం మూడూ మూడు రకాలు. అమ్మేవాళ్లు మాత్రం మూడింటినీ కలిపి ‘వైన్ టూరిజం ప్లాట్’ అంటారు. మీ ప్లాట్ పక్కన ఉన్నది ఏ తోటో ముందు ఆ రైతునే అడగండి.

కాగితం: ఇంటి నేలా, తోట నేలా

మహారాష్ట్రలో సేద్యపు భూమిని రైతు కానివాళ్లు కొనడానికి వీల్లేదు. సోలాపూర్ జిల్లా పాత బొంబాయి రాష్ట్రంలోది కాబట్టి ఇక్కడ 1948 కౌలు, వ్యవసాయ భూముల చట్టం, అందులో సెక్షన్ 63 వర్తిస్తాయి. నాందేడ్ జిల్లా పాత నిజాం సీమలోది కనుక ధర్మాబాద్, దేగ్లూర్ వైపు 1950 నాటి హైదరాబాద్ కౌలు చట్టం. చంద్రపూర్, గడ్చిరోలి వైపు విదర్భకు 1958 చట్టం. పేర్లు వేరైనా మూల నియమం ఒకటే. గడ్చిరోలి జిల్లా సిరొంచలో ఉన్న బంధువు చెప్పిన మాటను పట్టుకుని సోలాపూర్‌లో అడుగు వేయకూడదనేందుకే ఈ మూడూ చెప్పాల్సి వచ్చింది.

‘తెలంగాణలో మాకు పొలం ఉంది, పట్టాదారు పాస్‌బుక్ చూపిస్తే సరిపోదా’ అని చాలామంది అడుగుతారు. సరిపోతుందని ఏజెంటు చెబుతాడు. రిజిస్ట్రేషన్ కూడా అయిపోవచ్చు. చిక్కు ఆ తర్వాత వస్తుంది. సేల్ డీడ్ అయ్యాక పేరు మార్పిడి, అంటే ఫేర్‌ఫార్, తలాఠీ అనే గ్రామ రెవెన్యూ ఉద్యోగి దగ్గర నమోదై సర్కిల్ అధికారి మంజూరు చేయాలి. అక్కడ రైతు దాఖలా అడుగుతారు. చట్టానికి విరుద్ధంగా చేతులు మారిందని తేలితే సెక్షన్ 84సీ కింద తహసీల్దార్ ఆ కొనుగోలు చెల్లదని తీర్పు చెప్పవచ్చు. చివరికి భూమి ప్రభుత్వం పాలయ్యే దారి కూడా ఆ సెక్షన్‌లోనే ఉంది. అందుకే పొరుగు రాష్ట్రపు పాస్‌బుక్ నమ్ముకున్నవాళ్లు బయానా ఇవ్వకముందే, ఆ భూమి గట్ నంబరు, అంటే సర్వే నంబరు రాసి, తహసీల్దార్ ఆఫీసులో రాతపూర్వకంగా అడిగి, రాతపూర్వకంగా జవాబు తెచ్చుకోవాలి. నోటి మాట ఇక్కడ పనికిరాదు.

రైతు కానివాళ్లు నిశ్చింతగా కొనగలిగేది బిగర్ షేతీ, అంటే వ్యవసాయేతర భూమి. అందరూ ఎన్.ఏ. అనేది దీన్నే. ఎన్.ఏ. పేరుతో మూడు రకాల సరుకు అమ్ముడుపోతోంది, మూడింటినీ వేరుగా చూడాలి. మొదటిది నిజంగా మార్పిడి జరిగి, లేఅవుట్ మంజూరై, ప్లాటు ప్లాటుకూ వేరే సాత్‌బారా (7/12 అనే భూమి రికార్డు) లేదా మిళకత్ పత్రిక (ఆస్తి కార్డు) ఉన్నది. రెండోది మాస్టర్ ప్లాన్‌లో ‘నివాస జోన్‌లో ఉంది’ అని జోన్ దాఖలా చూపించి అమ్మేది. నివాస జోన్‌లోని భూమికి, గావఠాణ్, అంటే ఊరి ఇళ్ల జాగా హద్దు నుంచి 200 మీటర్ల లోపు భూమికి మార్పిడి పద్ధతిని రెవెన్యూ కోడ్ సెక్షన్ 42బీ, 42సీ, 42డీలలో సులభం చేసిన మాట నిజం. సులభం చేశారంటే దానంతట అదే అయిపోయిందని కాదు. మార్పిడి పన్ను కట్టిన చలాన్, ఆ మేరకు రెవెన్యూ రికార్డులో నమోదు, మంజూరైన లేఅవుట్ ఉండాలి. జోన్ దాఖలా ఒక్కటే చేతిలో పెడితే మీరు కొంటున్నది ఇంకా పొలమే.

మూడోది అన్నిటికంటే ప్రమాదకరం. దాన్ని గుంఠేవారీ అంటారు. ఎకరం ద్రాక్షతోట పీకేసి, ముగ్గుపిండితో గీతలు గీసి, రెండేసి గుంటలుగా అమ్ముతారు. అలా ముక్కలు చేయకూడదని 1947 తుకడేబందీ చట్టం ఉంది. 2023లో ప్రభుత్వం కనీస విస్తీర్ణాన్ని మెట్ట భూమికి 20 గుంటలు, నీటి పారుదల ఉన్న బాగాయత్‌కు 10 గుంటలుగా తగ్గించింది. రెండు గుంటల ముక్క అందులో పట్టదు. దాంతో అయిదారుగురు కొనుగోలుదారులను కలిపి ఒకే సేల్ డీడ్ చేసి, సాత్‌బారా మీద అందరి పేర్లూ సామాయిక్‌గా, అంటే ఉమ్మడిగా ఎక్కిస్తారు. మీ ప్లాటు ఎటు మూల ఉందో కాగితం ఎక్కడా చెప్పదు. ఆ అయిదుగురిలో ఒకరు చనిపోయినా, ఒకరు అప్పు తీసుకున్నా, ఒకరు కోర్టుకెక్కినా మిగతా నలుగురూ ఇరుక్కుంటారు. గుంఠేవారీ క్రమబద్ధీకరణకు 2001లో చట్టం వచ్చింది, 2021లో దాని గడువును 2020 డిసెంబర్ 31 నాటికి ఉన్న కట్టడాల దాకా పెంచారు. ఆ తేదీ తర్వాత గీసిన గీతలకు దాని పేరు చెప్పి అమ్మితే నమ్మకండి. ఈ మధ్య తుకడేబందీలోనూ కొన్ని సడలింపులు వచ్చాయి. అవి ఈ గట్‌కు వర్తిస్తాయో లేదో తేల్చి చెప్పాల్సింది తహసీల్దార్, ఏజెంటు కాదు.

సులువైన పరీక్ష ఒకటి ఉంది. ఆ ప్లాటు కాగితాలు తీసుకెళ్లి ఏదైనా జాతీయ బ్యాంకులో గృహరుణం అడగండి. మీకు అప్పు అవసరం లేకపోయినా అడగండి. బ్యాంకు ప్యానెల్ వకీలు ఏ కాగితం లేదని వెనక్కి పంపితే ఆ కాగితమే మీకు కావాల్సింది.

సాత్‌బారా చదవడం నేర్చుకోవడం కష్టమేమీ కాదు. మహాభూలేఖ్‌లో చూడవచ్చు, 15 రూపాయలు కడితే డిజిటల్ సంతకం ఉన్న ప్రతి వస్తుంది. పై భాగం గ్రామ నమూనా 7, హక్కుల పట్టిక. కింది భాగం నమూనా 12, పంటల పట్టిక. ఇంటి ప్లాటు అని అమ్ముతున్న భూమికి పంటల పట్టికలో నిరుడు కూడా ద్రాక్ష నమోదై ఉంటే అక్కడే ఆగి అడగాలి. తర్వాత ‘భూధారణా పద్ధతి’ అనే చోట చూడండి. భోగవటాదార్ వర్గ్ 1 అని ఉంటే యజమాని స్వేచ్ఛగా అమ్ముకోవచ్చు. వర్గ్ 2 అని ఉంటే కలెక్టర్ అనుమతి లేకుండా అమ్మకూడదు. ఉజనీ డ్యామ్ నిర్వాసితులకు ఇచ్చిన పునరావాస భూములు, దేవస్థాన ఇనాములు, వతన్ భూములు (పాత వంశపారంపర్య కొలువులకు ఇచ్చినవి) ఈ జిల్లాలో చాలా ఉన్నాయి. వాటి మీద జాగ్రత్త రెండింతలు కావాలి.

కుడివైపు ‘ఇతర్ హక్క్’ గడిలో సొసైటీ అప్పు బోజా (భూమి మీద భారం), బావిలో ఇంకొకరి వాటా, పక్క రైతుకు దారి హక్కు, కౌలుదారు పేరు ఉంటాయి. ద్రాక్ష పెట్టుబడి పెద్దది కాబట్టి తోట ఉన్న గట్ మీద బ్యాంకు బోజా ఉండటం మామూలే. అది తప్పు కాదు. అప్పు తీరిందన్న మాట చాలదు, బోజా కొట్టేసిన ఫేర్‌ఫార్ నంబరు చూపించాలి. ఫేర్‌ఫార్లు ఒక్కొక్కటిగా వెనక్కి చదువుకుంటూ పోతే కుటుంబ పంపకాలు బయటపడతాయి. తండ్రి పోయాక అన్నదమ్ముల పేర్లు మాత్రమే ఎక్కి, అక్కచెల్లెళ్ల పేర్లు ఎక్కకపోతే ఆ ఆడపడుచుల చేత హక్కసోడ్ పత్రం, అంటే హక్కు వదులుకున్న కాగితం రిజిస్టర్ చేయించాలి, లేదా సేల్ డీడ్ మీదే సంతకాలు పెట్టించాలి. 2005 వారసత్వ చట్ట సవరణ తర్వాత కూతురి వాటా కొడుకు వాటాతో సమానం. ద్రాక్ష భూమి విలువ పెరిగిన ఊళ్లలో ఈ వాటాల మీద కేసులు పడుతూనే ఉన్నాయి.

కొలతల దగ్గరా మోసపోవద్దు. మనకు గజాలు అలవాటు, ఇక్కడ చదరపు అడుగులు, గుంటలు, ఆర్‌లు నడుస్తాయి. ఒక గుంట 121 గజాలు, 1089 చదరపు అడుగులు. ఒక ఆర్ వంద చదరపు మీటర్లు. సాత్‌బారాలో 0.05.00 అని ఉంటే అయిదు ఆర్‌లు, అంటే 500 చదరపు మీటర్లు, సుమారు 598 గజాలు. అయిదు గుంటలైతే 605 గజాలు. ఈ ఏడు గజాల తేడా చిన్నదే గానీ హద్దు రాయి దగ్గర జగడానికి అది చాలు. కొనకముందే అమ్మేవారి చేత భూమి అభిలేఖ్ శాఖలో మోజణీకి, అంటే భూమి కొలతకు డబ్బు కట్టించి, హద్దులు వేయించండి. ద్రాక్షతోట పక్కనైతే ఇంకోటి కూడా చూడాలి. పందిరి చివరి స్తంభాన్ని బయటివైపు లాగి పట్టే ఇనుప తీగలుంటాయి. ఆ తీగ లంగరు రాయి స్తంభానికి కొన్ని అడుగుల అవతల భూమిలో పూడ్చి ఉంటుంది. ఆ రాయి హద్దుకు ఇటువైపు, మీ ప్లాటులో పడిందేమో చూడండి. మీరు గోడకు పునాది తవ్వితే అది కదులుతుంది, వరుస మొత్తం వాలుతుంది. పక్కింటి రైతుతో మొదటి రోజే గొడవ.

ఎకరం కొని ఫామ్‌హౌస్ కట్టుకుంటామనే రైతులకు ఒక మాట. కనీసం 0.4 హెక్టారు, అంటే సుమారు ఎకరం ఉంటేనే ఫామ్‌హౌస్‌కు దారి ఉంది, భూమి సాగులో ఉండాలి, కట్టడం వైశాల్యానికి పరిమితి ఉంది. పది గుంటల్లో ‘ఫామ్‌హౌస్ స్కీమ్’ అనేది చట్టంలో లేని మాట. నాన్నజ్ వైపు కొనేవాళ్లు మాళ్‌ఢోక్ అభయారణ్యాన్ని, అంటే బట్టమేక పిట్ట కోసం 1979లో ఏర్పాటైన రక్షిత ప్రాంతాన్ని మరచిపోకూడదు. గట్ నంబరు అభయారణ్యంలోనో దాని చుట్టూ ఉన్న పర్యావరణ సున్నిత మండలంలోనో పడిందా అని అటవీ శాఖ దగ్గర అడిగి తేల్చుకోవాలి. పడితే కట్టడానికి వాళ్ల అనుమతి కావాలి.

తోట క్యాలెండర్ చూసి ఇల్లు చూడండి

ఇక్కడి ద్రాక్షకు ఏటా రెండు కత్తిరింపులు, ఒక్క పంట. ఏప్రిల్‌లో ఖరడ్ ఛాటణీ, అక్టోబర్‌లో ఫళ ఛాటణీ. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా కోత. వైన్ రకాలు కొంచెం ముందే, జనవరి నుంచే కోతకు వస్తాయి. ఏజెంట్లు తోటను చూపించేది ఎక్కువగా జనవరి, ఫిబ్రవరి నెలల్లో. గుత్తులు వేలాడుతుంటాయి, ఎండ ముదరదు, బోరులో నీళ్లుంటాయి. ఆ ఇంట్లో ఉండబోయేవాళ్లు చూడాల్సింది మాత్రం నవంబర్ తెల్లవారుజామునా, మే మధ్యాహ్నమూ.

అక్టోబర్ కత్తిరింపు తర్వాత చిగురు లేతగా ఉన్న రోజుల్లో డౌనీ (బూజు), భూరి (బూడిద) తెగుళ్లు తోటను మింగేస్తాయి. ఆకు మీద తడి ఆరకపోతే డౌనీ ఒక్క రాత్రిలో పాకుతుంది. అందుకే మబ్బు పట్టిన వారాల్లో రోజు విడిచి రోజు మందు కొడతారు. గాలి నిలిచి ఉండే వేళ కావాలి కాబట్టి తెల్లవారుజామున, లేదా చీకటి పడ్డాక ట్రాక్టర్ బ్లోయర్ నడుస్తుంది. ఆ మోత కిలోమీటరు దాకా వినిపిస్తుంది. దాన్ని తప్పు పట్టడానికి లేదు. ఆ రైతు ఏడాది సంపాదన ఆ రెండు నెలల్లోనే నిలబడుతుంది, పోతుంది.

మందు ఆవిరి మీ ఇంటి వైపు వస్తుందా లేదా అన్నది గాలి దిక్కు చెబుతుంది. దీపావళి నుంచి శివరాత్రి దాకా సోలాపూర్ వైపు గాలి ఎక్కువగా తూర్పు, ఈశాన్యాల నుంచి వీస్తుంది. కాబట్టి తోటకు పడమర, నైరుతి వైపున్న ఇంటికి పిచికారీ తగులుతుంది. తోటకు తూర్పున ఉన్న ఇంటికి చాలావరకు తప్పుతుంది. ఒకే లేఅవుట్‌లో రెండు ప్లాట్లు ఒకే ధరకు వస్తుంటే తోటకు తూర్పువైపుది తీసుకోండి. పడమర తప్పకపోతే వంటింటి కిటికీ, బట్టలారేసే జాగా, మూత లేని నీళ్ల తొట్టి తోటవైపు పెట్టకండి. మధ్యలో దట్టంగా, ఎత్తుగా పెరిగే చెట్ల వరుస వేయండి. చిన్నపిల్లలు, గర్భిణులు, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్న ఇల్లైతే మందు కొట్టే ముందు ఒక ఫోన్ చేయమని రైతును అడిగి పెట్టుకోవడం మంచిది. ముందు నుంచీ మాట మంచిగా ఉంటే దాదాపు అందరూ చేస్తారు.

కిస్మిస్ షెడ్ పక్కన సంగతి వేరు. కోసిన ద్రాక్షను లీటరు నీటికి 25 గ్రాముల పొటాషియం కార్బొనేట్, 15 మిల్లీలీటర్ల ఇథైల్ ఓలియేట్ కలిపిన ద్రావణంలో ముంచి, షెడ్లో జాలీల మీద రెండు వారాల పాటు ఆరబెడతారు. దీనివల్ల ఎవరికీ బాధ లేదు. బాధంతా గంధకం పొగతో. కిస్మిస్‌కు పచ్చటి, బంగారు రంగు రావడానికి మూసిన గదిలో గంధకం కాలుస్తారు. బయటకు వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ గొంతులో గీరినట్టుంటుంది, ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి ఆడనివ్వదు, తడి తగిలిన ఇనుప గ్రిల్లునూ ఏసీ రాగి గొట్టాలనూ తినేస్తుంది. మార్చిలో ఒక సాయంత్రం వెళ్లి నిలబడితే విషయం తెలిసిపోతుంది. ఉబ్బసం ఉన్న ఇంటివాళ్లు అలాంటి షెడ్‌కు ఆనుకున్న ప్లాటు ఎంత చవకగా వచ్చినా వద్దనుకోవడమే మేలు. వైనరీ పక్కనైతే కోత రోజుల్లో పిప్పి పులిసిన వాసన, కడిగిన నీళ్ల వాసన వస్తాయి. ఆ నీళ్లు ఆమ్లంగా, సేంద్రియ పదార్థంతో చిక్కగా ఉంటాయి. శుద్ధి చేయకుండా వాగులోకి వదులుతున్నారా అన్నది కింది వైపు బావుల వాళ్లు చెబుతారు.

నీళ్లు మేలో కొలవాలి

సోలాపూర్‌కు సగటున పడేది ఏడాదికి 550, 600 మిల్లీమీటర్ల వాన. అదీ ఏటా పడదు. ఊళ్లోనే కొళాయి రోజూ రాదు, ఊరి బయట ప్లాట్లకు బోరే దిక్కు. కింద ఉన్నది నల్లరాయి. నీళ్లు రాతిలో ఉండవు, రాతి పగుళ్లలో, పైనున్న మెత్తటి మురుం పొరలో ఉంటాయి. అందుకే ఒక ప్లాటులో నీళ్లు పడి, పక్క ప్లాటులో దుమ్ము రావడం ఇక్కడ వింత కాదు.

తోటకు, ఇంటికి అసలు పోటీ ఏప్రిల్, మే నెలల్లో. ఖరడ్ ఛాటణీ అయ్యాక కొత్త కొమ్మ రావాలంటే, ఆ కొమ్మలోనే వచ్చే ఏటి గుత్తికి మొగ్గ పడాలంటే తోటకు నీళ్లు తప్పనిసరి. సరిగ్గా అప్పుడే భూగర్భజలం అడుగంటుతుంది. చుట్టూ అందరి బోర్లూ ఒకే పగులులోంచి లాగుతాయి. అక్టోబర్‌లో రెండంగుళాల ధార చూపించిన బోరు మేలో గంట నడిచి గాలి కక్కవచ్చు.

కొలిచే పద్ధతి ఇది. మేలో, కుదరకపోతే కనీసం మార్చి చివర్లో, మోటారును ఆపకుండా మూడు, నాలుగు గంటలు నడిపించండి. మొదట్లో, ప్రతి గంటకూ, చివర్లో 20 లీటర్ల బకెట్ నిండటానికి ఎన్ని సెకన్లు పట్టిందో రాసుకోండి. 30 సెకన్లలో నిండితే నిమిషానికి 40 లీటర్లు. మనిషికి రోజుకు 135 లీటర్ల లెక్కన అయిదుగురికి 675 లీటర్లు కావాలి, అంటే ఆ ధార పావుగంట పైన కొద్దిసేపు నిలిస్తే చాలు. కాబట్టి ధార ఎంత పెద్దదన్నది కాదు, మూడో గంటకు ఎంత పడిపోయిందన్నది ముఖ్యం. సగానికి పడిపోతే ఆ బోరు మీద ఇల్లు నిలబడదు. బోరు లేని ప్లాటు కొని తర్వాత వేసుకుందామనుకుంటే, ఊరి తాగునీటి బావికి 500 మీటర్ల లోపు కొత్త బోరు వేయడంపై మహారాష్ట్ర భూగర్భజల చట్టంలో ఆంక్ష ఉందని గుర్తుంచుకోండి.

నీళ్లున్నాయంటే తాగొచ్చని కాదు. ఏళ్ల తరబడి ఎరువులు తిన్న తోటల కింద నైట్రేట్ దిగుతుంది. తాగునీటి ప్రమాణంలో నైట్రేట్ హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. దాటితే పాలడబ్బా పాలు తాగే పసిపిల్లలకు ప్రమాదం, నీళ్లు కాచినంత మాత్రాన అది పోదు, కాచేకొద్దీ చిక్కబడుతుంది. కరిగిన లవణాలు 500 దాకా మంచివి, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. జిల్లా ప్రయోగశాలలో నైట్రేట్, లవణాలు, కాఠిన్యం, ఫ్లోరైడ్ నాలుగూ పరీక్ష చేయించండి.

నల్లరేగడి మీద గోడ

పందిరి పచ్చగా ఉందంటే చాలా చోట్ల కింద నల్లరేగడి ఉందని అర్థం. ఆ మట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి వేలు దూరేంత పగుళ్లు తీస్తుంది. ఊరంతా అదే నేల అయినా తోట పక్కన అదనపు చిక్కుంది. మీ ఇంటికి ఒకవైపు డ్రిప్పుతో ఏడాదంతా తడిసే మట్టి, రెండోవైపు ఎండిన మట్టి. ఒకవైపు పునాది లేస్తుంది, ఇంకోవైపు కుంగుతుంది. అందుకే తోటవైపు గదుల్లో కిటికీ మూలల నుంచి ఏటవాలుగా పగుళ్లు వస్తాయి. కట్టిన ఇల్లు కొంటుంటే ముందు ఆ మూలలే చూడండి. కొత్తగా సున్నం వేసి ఉంటే, పక్కన అల్మారా పెట్టి ఉంటే జరిపి చూడండి.

నల్లమట్టి ఎంత లోతుందో తెలుసుకోవడానికి దగ్గర్లో తెరిచి ఉన్న బావి ఒకటి చాలు. గోడ వెంట పైన నల్లటి పొర, దాని కింద పసుపుపచ్చ మురుం, ఆ కింద రాయి వరుసగా కనిపిస్తాయి. నల్ల పొర నాలుగైదు అడుగులే ఉంటే తవ్వి మురుం మీద పునాది వేయడం మంచి పని. పది, పన్నెండు అడుగులుంటే తవ్వకం ఖర్చు వృథా. అక్కడ ఉబ్బిన అడుగున్న పైల్స్, అంటే అండర్ రీమ్డ్ పైల్స్ అనే లోతైన పునాది స్తంభాలు వేయాలి. లోతైన నల్లమట్టిలో అవి కనీసం మూడున్నర మీటర్లు దిగాలి. వాటి మీద వేసే బీముకు, మట్టికి మధ్య 8 సెంటీమీటర్ల ఖాళీ వదలాలి. మట్టి ఉబ్బినప్పుడు ఆ ఖాళీలోకి ఉబ్బుతుంది, బీమును ఎత్తదు. మేస్త్రీలు ఈ ఖాళీని మట్టితోనో ఇటుకముక్కలతోనో పూడ్చేస్తుంటారు, పైల్స్ కోసం పెట్టిన ఖర్చంతా అక్కడే పోతుంది. బీము పోసే రోజు పక్కనే ఉండి చూసుకోండి.

గదుల కింద నింపేది తవ్వి తీసిన నల్లమట్టి కాకూడదు, మురుం కావాలి. ఇంటి చుట్టూ మీటరున్నర వెడల్పున, బయటికి వాలుగా కాంక్రీట్ పట్టీ వేస్తే వాన నీరు పునాదిలోకి దిగదు. తోటవైపు డ్రిప్ మొదటి వరుసకూ మీ గోడకూ మధ్య కనీసం మూడు మీటర్లు ఉండేలా చూసుకోండి. సెప్టిక్ ట్యాంకు నీళ్లు ఇంకే గుంత నల్లమట్టిలో తవ్వితే వానాకాలంలో పీల్చదు, తిరిగి పైకి తంతుంది. దాన్ని మురుం పొర దాకా దించాలి, తాగే బోరుకు 18 మీటర్ల దూరం ఉంచాలి.

కరెంటు, దారి

కరెంటు మీటరు ఉందా అని అడిగితే సరిపోదు, ఏ ఫీడర్ (కరెంటు లైను) మీద ఉందో అడగాలి. రాష్ట్ర కరెంటు సంస్థ మహావితరణ్ వ్యవసాయ ఫీడర్‌లో కరెంటు రోజుకు కొన్ని గంటలే వస్తుంది. తోట మోటారు లైనుకు తగిలించిన ఇంట్లో ఫ్రిజ్ నడవదు. గావఠాణ్ ఫీడర్ ఎంత దూరంలో ఉంది, అక్కడి నుంచి స్తంభాల ఖర్చు ఎవరిది అన్నది ఒప్పందంలో రాయించుకోండి.

దారి విషయంలో, ఇప్పుడు కారు వెళ్తోంది కదా అనుకోవద్దు. అది రైతు వాడుకునే పాణంద్ రస్తానా, గట్ నక్షాలో ఉన్న దారా, లేక పక్క రైతు మంచితనంతో వదిలిన జాగానా? మూడోదైతే అతని కొడుకు తోట పెంచుకున్న రోజు మూసుకుపోతుంది. కోత రోజుల్లో అదే దారిలో కోల్డ్ వ్యాన్లు, ట్రాక్టర్లు నిలబడతాయి, అది కూడా లెక్కలో వేసుకోండి.

తోటతో కలిపి కొనేవాళ్లకు

రైతు దాఖలా ఉండి, నిలబడి ఉన్న తోటతో సహా కొంటున్నారనుకోండి. తొమ్మిది అడుగులకు అయిదు అడుగుల దూరంతో నాటితే ఎకరానికి 968 తీగలు పడతాయి. వరుసలు నడిచి ఖాళీలు లెక్కపెట్టండి. డాగ్‌రిడ్జ్ వేరు మీద అంటు కట్టినదా అని అడగండి, ఉప్పు నేలకూ నీటి ఎద్దడికీ అది తట్టుకుంటుంది. పన్నెండు, పదిహేనేళ్లు దాటిన తోటలో మీరు కొంటున్నది స్తంభాలూ ఇనుప తీగలే, పంట కాదు.

వైన్ ద్రాక్ష తోటైతే ఇంకో ప్రశ్న. వైన్ రకాలు చిన్నవి, గింజ ఉన్నవి, తోలు మందం. బజార్లో తినడానికి ఎవరూ కొనరు. వైనరీతో ఉన్న ఒప్పందం పాత యజమాని పేరు మీద ఉంటుంది, మీ పేరుకు మారుతుందో లేదో, చక్కెర ఎన్ని బ్రిక్స్ (తీపి కొలత) దగ్గర ఏ ధరో రాతలో చూడండి. 2008 తర్వాత వైన్ అమ్మకాలు పడిపోయినప్పుడు నాసిక్ వైపు రైతులు వైన్ తీగలను పీకి తినే రకాలు నాటుకోవాల్సి వచ్చింది. ఒప్పందం లేని వైన్ తోటకు ధర కట్టేటప్పుడు తీగలకు విలువ వేయకండి, నేలకే వేయండి.

డబ్బు ఎప్పుడు, ఎంత

వరుస తప్పకపోతే నష్టం తక్కువ. ముందు సాత్‌బారా, 8అ (యజమాని ఖాతా కాగితం), ఫేర్‌ఫార్లు తీసుకుని సొంత వకీలు చేత 30 ఏళ్ల సెర్చ్ రిపోర్ట్ చేయించండి. అమ్మేవారి వకీలు ఇచ్చింది చాలదు. తర్వాత దినపత్రికలో జాహీర్, అంటే బహిరంగ నోటీసు వేయించి 15 రోజులు ఆగండి, అక్కచెల్లెళ్లు, సామాయిక్ వాటాదారులు ఎవరైనా ఉంటే బయటికి వచ్చేది అప్పుడే. లేఅవుట్ 500 చదరపు మీటర్లు, ఎనిమిది ప్లాట్లు రెండూ దాటితే మహారెరాలో, అంటే రాష్ట్ర స్థిరాస్తి నియంత్రణ సంస్థలో నమోదు ఉండాలి, ఆ నంబరుతో వెబ్‌సైట్‌లో మంజూరు నక్షా తెరిచి మీ ప్లాటు నంబరు ఉందో చూడండి. ఆ తర్వాత మోజణీ, నీటి పరీక్ష. అప్పుడు సాఠేఖత్, అంటే అమ్మకపు ఒప్పందం, అది కూడా రిజిస్టర్ చేయించినదే. నోటరీ కాగితం మీద లక్షలు ఇవ్వవద్దు. చివరి విడతలో కొంత సొమ్ము అట్టే పెట్టి, ఫేర్‌ఫార్ మంజూరై మీ పేరుతో సాత్‌బారా లేదా మిళకత్ పత్రిక చేతికొచ్చాక ఇచ్చేలా ఒప్పందంలోనే రాయించండి. అమ్మేవారు దానికి ఒప్పుకోకపోతే, ఆ ఫేర్‌ఫార్ ఎందుకు ఆగుతుందో వాళ్లకు ముందే తెలుసని అనుమానించాలి.